పెదబాబు గారి పెంజెర

మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుందండీ. మా ఊళ్ళో ఒకాయనకి పావురాలు, ఇంకొకాయనకి కోడిపుంజులు. మా పెదబాబుకి మాత్రం ఎవరూ చూడని సినిమాలు.

ఎవరూ చూడని అంటే మాటవరసకి అనడం కాదు. తీసినవాళ్ళు కూడా రెండోసారి చూసి ఉండరు.

దీనికంతటికీ నీళ్ళ మోటారు కారణం. కొబ్బరితోటలో మోటారు మొరాయిస్తే, బాగుచెయ్యడం ఎలాగో చూద్దామని ఫోను నొక్కేడు పెదబాబు. మోటారు రాలేదు, పాము వచ్చింది. సినిమా పేరు ‘పెంజెర ప్రతిజ్ఞ’. పెంజెరంటే రక్తపింజరి పాము. నలభై ఏళ్ళ కిందట ఎవరో పాపం ఉన్నదంతా ఊడ్చి తీసేరు. ఎక్కడా ఆడలేదు. దాని మీదనుంచి ఇంకోటి, ఇంకోటి మీదనుంచి మరోటి. అలా అలా పెదబాబు పాత ఫ్లాపుల గోదాట్లో పీకల్లోతు దిగిపోయేడు.

ఆ మోటారు ఇప్పటికీ బాగుపడలేదు. పెదబాబూ బాగుపడలేదు.

ఎన్ని చూసినా ఆయనకి పెంజెర తరవాతే ఏదైనా. అందులో పాము సైకిలు ట్యూబు. నల్లరంగు పూసి పసుపు చుక్కలు పెట్టేరు. జమీందారు గారి మేడ రైసుమిల్లు. రాణిగారు ఏడుస్తుంటే వెనకాల ధాన్యం బస్తాలు కనబడతాయి. యుద్ధంలో సైన్యం మొత్తం అయిదారుగురే. ఎడంపక్క నుంచి పరిగెత్తుకొచ్చి, కుడిపక్కకి వెళ్ళిపోయి, వెనకనుంచి చుట్టూ తిరిగి మళ్ళీ ఎడంపక్క నుంచే వస్తారు. చచ్చిపడ్డవాడు దోమని కొట్టి మళ్ళీ చచ్చిపోతాడు.

“పెంజెరకి పడగెక్కడైనా ఉంటుందటండీ?” అంది ఆయన భార్య కనకమ్మ, ఓ రోజు వెనకనుంచి తొంగిచూసి.

“లేదనేగదే ప్రతిజ్ఞ పట్టింది,” అన్నాడు పెదబాబు.

“పడగ మీద గాలి కొట్టే బెజ్జం కనబడుతుంది.”

“కనబడనీ! డబ్బుంటే ఎవడన్నా తీస్తాడే సినిమా. లేనప్పుడు తీసేడు చూడు, వాడూ మొగాడు. పాము లేదని ఆగేడా? ట్యూబుతో కానిచ్చేడు. మేడ లేదని ఆగేడా? మిల్లుతో కానిచ్చేడు.”

“సినిమా లేదని కూడా ఆగలేదు,” అంది కనకమ్మ.

ఇంతవరకూ అయితే సంసారం సాఫీగానే సాగేది. ఫోను చిన్నది, పెదబాబు చూపు అంతకంటే చిన్నది. పెంజెరని పెద్ద టీవీలో చూడాలన్న కోరిక పుట్టింది. టీవీ హాల్లో ఉంది. సాయంత్రం ఆరు దాటితే దాని ముందు కనకమ్మ ఉంటుంది.

ఆ వారం సీరియల్లో కోడలు మెట్ల మీంచి పడిపోతా ఉంది. సోమవారం మొదలెట్టింది పడ్డం. గురువారానికి ఇంకా నేల తగల్లేదు. తగిలే ఘడియలో పెదబాబు రిమోటు లాక్కున్నాడు.

“ఇటివ్వండి!”

“ఇవ్వను. రేపట్నుంచి సాయంత్రాలు నా సినిమాలే.”

“మీ సినిమాలు మనుషులు చూస్తారా? ఊళ్ళో పది మందిని కూర్చోబెట్టండి, పాటకే లేచిపోతారు.”

పెదబాబుకి రోషం తన్నుకొచ్చింది. “పది మంది ఏమిటే, ఊరంతా చూస్తుంది. ఆఖరుదాకా చూస్తుంది!”

“చూస్తే సాయంత్రాలు టీవీలో మీ సినిమాలే. నేను నోరెత్తను. లేచిపోయేరంటే మాత్రం ఈ గుమ్మంలోపల పెంజెర అన్న మాట వినబడకూడదు.”

“ఆయ్! ఒప్పుకున్నాను.”

పక్కింటి చిన్నమ్మలు పంచదారకని వచ్చి ఇదంతా విన్నది. చిన్నమ్మలు విన్నదంటే ఊళ్ళో మైకు పెట్టినట్టే.

ఆ రాత్రి మంచమెక్కేక గాని పెదబాబుకి భయం వెయ్యలేదు. ఊరంటే ఎలాంటి ఊరు! కొత్త సినిమాకే సగంలో లేచి బజ్జీల బండి దగ్గరికి పోతారు. వీళ్ళని ట్యూబు ముందు కూర్చోబెట్టడం ఎలా? తెల్లారేసరికి ఉపాయం తట్టింది. తట్టగానే మొహం కూడా కడుక్కోకుండా షష్ఠి కమిటీ ప్రెసిడెంటు శివనాగరాజు ఇంటికెళ్ళేడు.

సుబ్రహ్మణ్య షష్ఠికి మా ఊళ్ళో బడి ఆవరణలో పెద్ద తెర కట్టి సినిమా వేస్తారండీ. ఆ ఏడు వెయ్యబోయేదాంట్లో హీరో తుపాకులతో వందమందిని చంపుతాడట.

“ఏమయ్యా, స్వామివారి పండక్కి తుపాకులేమిటి?” అన్నాడు పెదబాబు. “నా దగ్గర పాత సినిమా ఒకటుంది. మొత్తం పామే.”

“భక్తి సినిమానా బాబాయ్ గారూ?”

పెదబాబు అబద్ధమాడే మనిషి కాదు. అందుకని, “పాము వచ్చినప్పుడల్లా అందరూ చేతులెత్తుతారు,” అన్నాడు. ఎత్తుతారు, నిజమే. పారిపోతా ఎత్తుతారు.

మర్నాడు ఆటోకి మైకు కట్టి తిప్పేరు. “భక్తులారా! స్వామివారి మహిమలు తెలిపే అపురూప చిత్రం. ఇంతవరకూ ఎవ్వరూ చూడనిది. కుటుంబ సమేతంగా రండి!”

వీధి అరుగు మీద కూర్చుని ముసిముసి నవ్వులు నవ్వుకున్నాడు పెదబాబు. దేవుడి సినిమా మధ్యలోంచి లేచేంత గుండె ధైర్యం మా ఊళ్ళో ఎవరికుందండీ?

కనకమ్మ గుమ్మంలోకి వచ్చింది. “పెంజెర స్వామి ఎప్పుడయ్యిందండీ?”

“పందెం మర్చిపోకు.”

“నేను మర్చిపోను. బుచ్చమ్మ పిన్నినీ వాళ్ళనీ నేనే పిలుచుకొస్తాను. కాకపోతే స్వామి సినిమాకి ఉత్త చేతులతో ఏం వస్తాం?” అని లోపలికెళ్ళిపోయింది.

ఆ ఆఖరి మాట పట్టించుకుని ఉంటే షష్ఠి రాత్రి అంత గోల జరిగేది కాదు. పట్టించుకోలేదు. ఆ నవ్వులోనే ఉన్నాడు.

షష్ఠినాడు పొద్దు వాలీ వాలకముందే బడి ఆవరణ నిండిపోయింది. ముందు వరసలో ఆడవాళ్ళు, వాళ్ళకి ముందు బుచ్చమ్మ. బుచ్చమ్మంటే ఊళ్ళో అందరికంటే పెద్దావిడ. ఆవిడ ఒళ్ళో హారతి పళ్ళెం, పక్కన పాలచెంబు. పెదబాబు ఆవిడనొక్కదాన్నే చూసేడు. వెనక్కి తిరిగి చూసుంటే, ప్రతి ఆడమనిషి పక్కనా ఓ చెంబు కనబడేది.

రాజోలు నుంచి తెర తెచ్చిన బెన్నీ బొమ్మ వేసేడు. రైసుమిల్లు కనబడింది. ఎవరూ నవ్వలేదు. మీసం జారిన జమీందారు వచ్చేడు. నవ్వలేదు. భక్తి అలాంటిది. పెదబాబు కనకమ్మ వైపు చూసి మీసం దువ్వేడు.

అప్పుడు పెంజెర పడగెత్తింది.

ట్యూబు అటూ ఇటూ ఊగింది. తెర మీది వెన్నెల్లో గాలిబెజ్జం తళుక్కుమంది. బుచ్చమ్మ చటుక్కున లేచింది. “నాగేంద్రా! ఆ నుదుటన మణి చూడండే!” అని హారతి వెలిగించింది. అంతే, ముందు వరస మొత్తం లేచింది. గంటలు, కొబ్బరికాయలు, దణ్ణాలు. వెనకవాళ్ళు బొమ్మ కనబళ్ళేదని లేచేరు. వాళ్ళ వెనకవాళ్ళు వీళ్ళని కూర్చోమందామని లేచేరు.

“లేచేరండీ,” అంది కనకమ్మ నెమ్మదిగా.

“దణ్ణం పెట్టుకోడానికి లేస్తే లేచినట్టు కాదు!”

“లేవడంలో కూడా రకాలున్నాయా?”

“ఉన్నాయి!”

ఈ వాదం తేలేలోగా చెంబులు కదిలేయి. ‘అమ్మా, అమ్మా, పొయ్యొద్దు’ అంటా బెన్నీ అడ్డం పరిగెత్తేడు. ఒక చెంబునాపితే నాలుగు చెంబులు ఒలికేయి. తెర కింద కరెంటు పెట్టె చిటపటమంది, నీలం మంట ఒకటి లేచింది. బొమ్మ పోయింది. ఆవరణలో లైట్లూ పోయేయి.

“ఎవరండీ బాబూ పాలు పోసింది?” చీకట్లో బెన్నీ గోల.

“స్వామికి పోసేం నాయనా, నీకు కాదు,” అంది బుచ్చమ్మ.

ఇక అయిపోయింది, అందరూ పోతారనుకున్నాడు పెదబాబు. పోలేదండీ! చీకట్లో చాపల మీద మళ్ళీ కూర్చున్నారు.

“ఒరే పెదబాబూ! ఆ జమీందారుని కాటేసిందా లేదా? అది తెలీకుండా నేనింటికెళ్ళను,” అంది బుచ్చమ్మ.

పెదబాబు గుండె ఉప్పొంగింది. ఇంతమంది, ఇంత చీకట్లో, ట్యూబు గురించి! ఎవరో సెల్‌ఫోను లైటు వేస్తే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. నలుగురి ముందు ఎప్పుడూ నోరు విప్పని మనిషి కథ అందుకున్నాడు. జమీందారు మేడెక్కేడన్నాడు. పెంజెర మెట్లెక్కిందన్నాడు. చెయ్యి పడగలా పెట్టి బుస్సుమన్నాడు.

“నిలబడి చెప్తే తెలీటం లేదండీ,” అన్నారు వెనకనుంచి ఎవరో. “కాస్త పాకండి.”

పెదబాబు కనకమ్మని చూసేడు. కనకమ్మ నవ్వాపుకుంటా ఉంది. “పాకమంటే పాకుతాను! ఏం?” అన్నాడు ఊరందరితోటీ. అని, ఇస్త్రీ మల్లుపంచెతో పాలూ మట్టీ కలిసిన నేల మీద బోర్లా పడుకుని, నిజంగానే పాకేడు. ఊరు ఈలలేసింది.

“చాల్లెండి, లేవండి, ఆ పంచె ఉతికేది నేను!” అంటా వచ్చింది కనకమ్మ. జనం వైపు తిరిగి, “మా ఇంట్లో టీవీ ఉంది, ఆయన ఫోన్లో సినిమా ఉంది. అందరూ అక్కడికి రండమ్మా, మిగతాది చూద్దురుగాని,” అంది.

హాలూ అరుగూ నిండిపోయేయి. కాటు దాకా చూసేరు, చితి దాకా చూసేరు. ఆఖర్న ‘శుభం’ అన్న అట్ట పట్టుకున్న చెయ్యి కనబడుతుంది, దానికి వాచీ కూడా ఉంటుంది. ఆ వాచీ కూడా చూసేకే కదిలేరు.

“గెలిచేరండీ,” అంది కనకమ్మ. “రేపట్నుంచి సాయంత్రాలు టీవీలో మీ సినిమాలే.”

అంత తేలిగ్గా అందంటే అనుమానం రావాలి. గెలిచినవాడికి అనుమానం వస్తుందటండీ?

మర్నాడు పెదబాబు తలంటుకుని, గంధం రాసుకుని, ఆరు కొట్టగానే హాల్లోకొచ్చేడు. ఆయన పడక్కుర్చీలో బుచ్చమ్మ ఉంది. సోఫాలో చిన్నమ్మలు, ఆవిడ తోటికోడళ్ళు. కింద చాపల మీద వీధిలోని ఆడవాళ్ళందరూ. కొంగుచాటున వేయించిన శనగలు.

“నేనెక్కడ కూర్చోను?” అన్నాడు.

“ఇంతమంది ఆడవాళ్ళ మధ్య మీకేం పనండీ?” అంది కనకమ్మ, రిమోటు ఆడిస్తా.

“పందెం నేను గెలిచేను!”

“ఆయ్, మీరే గెలిచేరు. అందుకే మీ సినిమాలే వేస్తున్నాం. మిమ్మల్ని కూర్చోబెడతానని నేనెప్పుడన్నాను? చిన్నమ్మలు సాక్షి.”

చిన్నమ్మలు శనగలు నములుతా తలూపింది.

“మరి నీ సీరియలో?” అన్నాడు పెదబాబు, ఆఖరి దెబ్బ కొడదామని.

“మధ్యాహ్నమే ఒకసారి వేస్తారుగా. మీరు తోటకెళ్ళేక రోజూ అప్పుడే చూస్తాను. సాయంత్రం చూసేది రెండోసారి.”

టీవీలో బొమ్మ మొదలైంది. ఎవరో గుడ్డిదీపం పట్టుకుని శ్మశానంలో నడుస్తున్నారు. ఆ శ్మశానం వెనకాల లారీ ఒకటి వెళ్ళింది. అబ్బ, ఎంత చక్కటి లారీ!

“ఇది... ఇది నేను చూళ్ళేదే!”

“పొద్దున్న మేమే కనిపెట్టేం,” అంది కనకమ్మ గర్వంగా. “ఇంతవరకూ ఒక్కళ్ళూ చూళ్ళేదట. మీ పెంజెరనైనా మనకంటే ముందు ఇద్దరు ముగ్గురు చూసేరు.”

పెదబాబు బయటికి పోయేడు. ఓడిపోయి పోయేడనుకుంటారేమో, కాదండీ. పెరట్లోంచి కొబ్బరి బస్తా ఈడ్చుకొచ్చి, కిటికీ కిందేసి, దాని మీదెక్కి, ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

“వెలుగు పడుతుందండీ,” అని కనకమ్మ కిటికీ తలుపేసింది.

పెదబాబు బస్తా దిగలేదు. తలుపుకి చెవి ఆనించి, పిడికిలితో దబదబా బాదేడు.

“ఎవరూ?” అంది బుచ్చమ్మ లోపల్నుంచి.

“సౌండు పెంచండే!” అన్నాడు పెదబాబు.