మూలనున్నది ఉప్పందిస్తోంది

ఆ ఉదయం మొక్కల శాస్త్రవేత్త పెట్టుకున్న పని ఒక్కటే. పదింటి మీటింగులో ఆయన ప్రయోగపు మడిని చదును చేసి, కార్లు నిలిపే స్థలంగా మార్చాలని తీర్మానించబోతున్నారు. ఆలోపే డైరెక్టరుగారికి ఫోన్ చేసి ఇంకొక్క ఏడాది గడువు అడగాలి.

ఆ మడి మూలన ఒక పొద ఉంది. మెట్టనేల లోతుల్లోంచి ఉప్పునీళ్ళు పీల్చి, అక్కర్లేని ఉప్పును ఆకుల మీదికి చెమటలా తోసేస్తుంది. ఆకులు రాలితే ఆ ఉప్పు నేలకు పడుతుంది, పక్క మొక్కలు మాడిపోతాయి. మూడేళ్ళుగా దానితోనే కాపురం చేస్తున్న మనిషి కదా, దాన్ని పొద అనడం ఎప్పుడో మానేశాడు. ఆయనకది ఉత్త "అది". పక్క మొక్కలేమో "పక్కవాళ్ళు".

డైరెక్టరుగారు గడ్డం గీసుకుంటూ ఫోన్ ఎత్తారు.

"సార్, మన మూలనున్నది పక్కవాళ్ళకి ఉప్పందిస్తోందండీ!"

"ఆఁ? ఎప్పట్నించయ్యా?"

"మూడేళ్ళుగా చూస్తున్నా సార్. మనమే ఏరికోరి తెచ్చి పెట్టుకున్నామాయె! పైకి చూస్తే పాపం, ఏమీ ఎరగనట్టే ఉంటుంది."

డైరెక్టరుగారి గడ్డం తెగింది. ఆఫీసులో మూలగదిలో కూర్చుని లెక్కలు చూసేది సాక్షాత్తూ ఆయన మరదలు. భార్య పోరు పడలేక మూడేళ్ళ కిందట ఆయనే తెచ్చి పెట్టుకున్నారు. గోడకు అవతల పోటీ విత్తనాల కంపెనీ. అంత నెమ్మదస్తుడు ఆవిణ్ణి పట్టుకుని "అది" అంటున్నాడంటే ఎంత మండిపోయి ఉండాలి!

"ఎవరితోనూ అనకు. నే చూసుకుంటా" అని ఫోన్ పెట్టేశారు. గడువు మాట శాస్త్రవేత్త నోట్లోనే ఉండిపోయింది.

మరదల్ని అడిగే ధైర్యం లేక ఆయన భార్యను అడిగారు. "మీ చెల్లెలు పక్క కంపెనీకి ఉప్పందిస్తోందని మన శాస్త్రవేత్త అంటున్నాడు. నిజమేనా?"

"అంటే నా చెల్లెలు దొంగా?" అంటూ ఆవిడ అప్పటికప్పుడే చెల్లెలికి ఫోన్ కలిపింది.

పదింటికి మీటింగు మొదలవుతూనే మరదలు తలుపు తోసుకు వచ్చింది. "బావగారూ, మీ ఉద్యోగానికో దణ్ణం! నేనెవరికి ఉప్పందించానో ఈయన్నే చెప్పమనండి." ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

శాస్త్రవేత్త గతుక్కుమన్నాడు. "అయ్యయ్యో, మీరు కాదమ్మా! పొద! మా మడి మూలనున్న పొద!"

అందరూ మడి దగ్గరికి నడిచారు. ఆవిడ ఒక ఆకు తుంచి నాలిక్కి తాకించింది. "ఉప్పే!" అని, ఏడుపులోనే నవ్వేసింది. శాస్త్రవేత్తకు మాత్రం నవ్వు రాలేదు. సిగ్గేసింది. పొదలాగే తానూ తనలో ఉన్నది తోసేశాడు. అది ఎవరిమీద పడుతుందో చూసుకోలేదు.

ఆవిడ మడిని ఆనుకునే ఉన్న తన మూలగది కిటికీ వైపు చూసింది. "మిగతా అంతా మాడిపోయింది. ఇటుపక్క మాత్రం పచ్చగా ఉందే?"

"నాకూ అంతుపట్టంది అదేనమ్మా. అందుకే ఇంకో ఏడాది అడుగుదామని ఫోన్ చేశా."

ఆవిడ గొంతు తగ్గింది. "రోజూ ఇంటికెళ్ళేముందు కుండలో మిగిలిన నీళ్ళు కిటికీలోంచి అక్కడే పోస్తుంటా. ఎండిపోతున్నాయని జాలేసి..."

ఆ నీళ్ళకు ఉప్పు వేళ్ళు దాటి కిందికి దిగిపోయింది. మూడేళ్ళ ప్రయోగం అక్షరాలా నీళ్ళపాలైంది. శాస్త్రవేత్త నెత్తిన చేతులు పెట్టుకుని గట్టుమీద కూలబడ్డాడు. కాసేపటికి ముఖం విప్పారింది. "అయితే పక్కవాళ్ళు బతకాలంటే దాన్ని పీకక్కర్లేదన్నమాట! నీళ్ళు పోసేవాళ్ళుంటే చాలు. ఈసారి కొలిచి పోద్దామమ్మా, ఇద్దరం."

డైరెక్టరుగారు మరదలికి క్షమాపణ చెప్పుకుని, మడికి ఏడాది గడువిచ్చి, తన కారును ఎండలోనే వదిలేశారు.

ఆ సాయంత్రం ఆయనింట్లో కూరలో ఉప్పు లేదు; ఎందుకు లేదని అడిగే ధైర్యం ఆయనకూ లేదు.