పడి చూపించిన పరుపు

పరుపుల వ్యాపారి లెక్క ప్రకారం సోమవారం పొద్దుటి పని అరగంటకు మించదు. దుకాణం వెనక పెరట్లో నాలుగు పరుపులు పేర్చాలి. బట్టలారేసే తాడును నెత్తికి మూరెడు ఎత్తున కట్టాలి. వెదురు కర్ర ఊతంతో దాన్ని దాటాలి. ఎవరి కంటా పడకుండా సరుకు లోపల పెట్టి షట్టరు ఎత్తాలి.

కాలేజీలో అతను పోల్‌వాల్ట్ ఆటగాడు. పెద్ద పోటీకి ఎంపికైన వారమే తండ్రి అతన్ని గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టాడు. కూర్చున్నవాడు ముప్పై ఏళ్ళు లేవలేదు. వచ్చే ఆదివారం స్టేడియంలో యాభై దాటినవాళ్ళకు పోటీ ఉంది. ఇప్పుడు కూడా దాటకపోతే ఇక దాటేది వయసొక్కటే.

మొదటిసారే కాలు తాడుకు తగిలి, వెల్లకిలా దబ్బున పడ్డాడు. దుకాణం ఇంకా తెరవలేదేమని వెనక గుమ్మానికి వచ్చిన టీచరమ్మ అది చూసింది.

"ఇంత మనిషి పడినా నడుం విరగలేదంటే, నాకా పరుపే కావాలండీ."

"అది అమ్మేది కాదమ్మా."

అమ్మనన్న సరుక్కున్న గిరాకీ మరే సరుక్కూ ఉండదు. ఆమె తనంతట తానే ధర పెంచింది. వంటింట్లోంచి భార్య వచ్చి, "అమ్మేది కాకపోతే దుకాణం ఎందుకు పెట్టామండీ?" అంటూ పరుపు చుట్టి ఇచ్చేసింది.

మంగళవారం టీచరమ్మ ఆడపడుచు దిగింది. "మా వదిన చెబితే నమ్మకం కుదరలేదండీ. ఒక్కసారి పడి చూపించండి."

ఎలాగూ సాధనే కదా అని ఎగిరాడు, పడ్డాడు. రెండు పరుపులు పోయాయి. బుధవారానికి భార్య పెరట్లో కుర్చీలు వేసింది. గురువారం అతను తాడును శుభ్రంగా దాటాడు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. బేరాలకు సాయం వచ్చిన బావమరిది అతన్ని పక్కకు లాగాడు.

"ఏంటి బావా, దాటేశారు? జనం డీలా పడిపోయారు. ఎగరడం తగ్గించి పడడం పెంచండి."

"నేను దాటడానికే ఎగురుతున్నానురా!"

"మీ ఇష్టం. బేరం మాత్రం పడినప్పుడే."

శనివారానికి అతనికి పడడంలో రాని పద్ధతి లేదు. సాయంత్రం భార్య అంది, "రేపు ఆదివారం. ఓ రెండుసార్లు ఎక్కువ పడాలి."

అప్పుడు చెప్పాడు, పోటీ సంగతి, తండ్రి సంగతి. ఆమె లెక్కపెడుతున్న నోట్లు పక్కన పెట్టింది.

"ఆదివారం బేరం వదులుకునా?"

"వదులుకునే."

పొద్దున ఆమే షట్టరుకు తాళం వేసింది. "పదండి. అక్కడ మాత్రం పడకండి. ఊరికే పడితే మనకేం వస్తుంది?"

వాకిట్లో కాచుకున్న కొనుగోలుదార్లూ వెంట నడిచారు. స్టేడియంలో మొదటి రెండుసార్లూ అలవాటు కొద్దీ పడ్డాడు. వాళ్ళు గట్టిగా చప్పట్లు కొట్టారు. ఇక మిగిలింది ఒక్క అవకాశం.

"పడకండీ!" అని గ్యాలరీలోంచి భార్య కేక.

దాటాడు. పైన అడ్డకర్ర కదల్లేదు. తెల్లజెండా లేచింది. అతను లేవలేదు. కళ్ళు మూసుకుని, నవ్వుతూ, ఆ పరుపు మీదే చాలాసేపు పడుకుండిపోయాడు.

సోమవారం దుకాణం ముందు ఎన్నడూ లేనంత జనం. అందరికీ స్టేడియం పరుపే కావాలి.