కెజియా ప్రూయిట్ సమ్మతి

"మగడి భయంతో ఏ ఇల్లాలూ భూమి వదులుకోరాదు. అమ్మకానికి ముందు ప్రతి భార్యనూ మేమే చాటుగా, మగడి చెవిన పడకుండా విచారించెదము."

పెన్సిల్వేనియాలో, మిల్‌రేస్ ఊరి పూటకూళ్ల ఇంటి తలుపుకి మేజిస్ట్రేటు క్రుక్‌షాంక్ గారు ఈ ప్రకటన కొట్టించారు. ఆడవాళ్లంతా హమ్మయ్య అనుకున్నారు. ఇంత దయ ఇంగ్లండు రాజుకైనా ఉందో లేదో.

ఆ దయ మొట్టమొదట కెజియా ప్రూయిట్‌ని వెతుక్కుంటూ వచ్చింది. తండ్రి రాసిచ్చిన ఆపిల్ తోట ఆమెది. ఆమెకంటూ ఉన్నది అదొక్కటే. మొగుడు ఏమస్ దాన్ని బేరం పెట్టాడు. కొనేది క్రుక్‌షాంక్ గారే. అమ్మేవాళ్ల మంచిచెడ్డలు కొనేవాడికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తాయి? అయితే కెజియా సరేననందే తోట చేతులు మారదు.

ఏమస్‌ని అరుగు మీదికి పంపి, పూటకూళ్ల ఇంటి వెనక గదిలో క్రుక్‌షాంక్ గారు ఆమెని అడిగారు.

"తోట అమ్మడం సంతోషమేనామ్మా?"

"కాదండీ."

కలం ఆగింది. పదకొండేళ్ల కొలువులో ఆయనతో ఎవరూ కాదనలేదు. సమ్మతి రాసుకునే అచ్చు కాగితంలో ఆ మాటకి చోటు కూడా లేదు.

"మొగుడంటే భయమా?"

"భయముంటే సంతోషమనే చెప్పేదాన్ని కదండీ."

"అయితే ఇంకెవరో ఒత్తిడి చేస్తున్నారు."

ఆయన పక్కనే కూర్చున్న తన గుమాస్తా వంక అనుమానంగా చూశారు. గుమాస్తా లేచి బయటికి నడిచాడు.

"ఇప్పుడో?"

"కాదండీ."

కిటికీలోంచి తోట కనిపిస్తోంది. మంచి పూత మీదుంది.

"అదీ సంగతి! చెట్లు బెదిరిస్తున్నాయి." ఆయనే లేచి కిటికీ మూశారు.

"చీకట్లో అడిగినా అంతేనండీ. అమ్మను."

అరుగు మీంచి ఏమస్ కేకేశాడు. "ఒక్క ముక్క చెప్పడానికి ఎంతసేపే?"

"నేను ఎప్పుడో చెప్పానయ్యా. వారికే ఎక్కడం లేదు."

క్రుక్‌షాంక్ గారు గడ్డం నిమురుకుంటూ చాలాసేపు ఆలోచించారు. ఒత్తిడి చేసేవాళ్లందరినీ గెంటేశారు. మిగిలింది ఒక్కరే.

"కెజియమ్మా, నిన్ను పట్టి పీడిస్తున్నది నువ్వే. నువ్వు పక్కనుంటే నీ మనసు నోరు విప్పడం లేదు. కాసేపు బయట కూర్చో తల్లీ."

తలుపు మూసుకుంది. కెజియా అరుగు మీద మొగుడి పక్కన కూర్చుని చెవి ఒగ్గింది. లోపలినుంచి "సంతోషమేనామ్మా?" అన్న మాట వినిపించింది. ఆ వెనకే కలం గీకుతున్న చప్పుడు.

క్రుక్‌షాంక్ గారు కళ్లొత్తుకుంటూ బయటికొచ్చారు.

"ఎంత నిబ్బరంగా ఒప్పుకుంది! నీ అదృష్టమయ్యా ఏమస్."

ఏమస్ వినయంగా టోపీ తీశాడు.

కెజియా లేచి గదిలోకి తొంగి చూసింది.

"ఒప్పుకున్నది ఎవరండీ?"

"అది చెప్పకూడదమ్మా." ఆయన గొంతు తగ్గించారు. "రహస్య విచారణ."