అన్ని మీటలూ వేసిన ఫోర్‌మన్ గారు

ఆ ఆదివారానికి ఫోర్‌మన్ గారు వేసుకున్న పథకం చాలా సులువైనది. మీసం కత్తిరించుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, చెవి మిషన్లు పెట్టుకుని కింద హాల్లో జరిగే అపార్ట్‌మెంటు సమావేశానికి దిగాలి. అందరి ఫిర్యాదులూ అక్షరం పొల్లుపోకుండా విని, ఠకీఠకీమని జవాబులు చెప్పి, మళ్ళీ ప్రెసిడెంటుగా ఎన్నికై భోజనం వేళకి పైకి వచ్చేయాలి. ఇందులో తేడా రావడానికి సందెక్కడుందని ఆయన ధీమా.

ఆయన ఉద్యోగమంతా ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఫోర్‌మన్‌గా గడిచింది. ఆ మిషన్ల మోతలో వినికిడి సగం ప్రెస్సుకే సమర్పించుకుని, మిగిలిన సగంతో రిటైరయ్యారు. ఆ సగంతోనే ఇన్నేళ్ళూ అపార్ట్‌మెంటుని ఏలుకొచ్చారు. ఎవరైనా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపిస్తే ఎంత పనైనా దగ్గరుండి చేయించేవారు. నోటితో చెబితే మాత్రం గంభీరంగా తలాడించేవారు. చెప్పినవాళ్ళు పని అయిపోయినట్టేనని సంతోషంగా వెళ్ళిపోయేవారు. ఆ పని అలాగే ఉండిపోయేది.

ఈ రహస్యం కనిపెట్టినవారు మూడో అంతస్తులో ఉండే ఆడిటరు గారు. చెవులు లేని ప్రెసిడెంటు మనకెందుకని, తనే పోటీకి నిలబడి ఆయన మెట్ల మీదా, లిఫ్టులోనూ, పార్కింగులోనూ ప్రచారం మొదలుపెట్టారు. అపార్ట్‌మెంటులో అందరికంటే ఆలస్యంగా ఆ మాట విన్నది ఫోర్‌మన్ గారే. అదీ భార్య గొంతు చించుకుని చెబితే. ఆ రోజు ఆయనకి ముద్ద దిగలేదు. ప్రెసిడెంటన్న పిలుపు పోతే తను ఎవరికీ అక్కర్లేని చెవిటి ముసలాడైపోతానని ఆయన భయం.

మందుల షాపు నడిపే కూతురు తండ్రి బాధ చూడలేక, కిందటి వారమే చెవి మిషన్లు కొనిచ్చింది. చిక్కుడు గింజలంత ఉన్నాయి. బ్లూటూత్‌తో ఫోనుకి కలిపి, అందులో ఒక యాప్ పెట్టి, దేన్నీ కదపకుండా వాడుకోమని మరీ మరీ చెప్పి వెళ్ళింది. కదపొద్దంటే ఊరుకోవడానికి ఆయన మామూలు మనిషా, ఫోర్‌మన్. యాప్‌లో వరసగా మీటలున్నాయి. కొన్ని ఆన్‌లో ఉన్నాయి, కొన్ని ఖాళీగా ఉన్నాయి. ఆయన లెక్కలో మీటని ఖాళీగా ఉంచడమంటే మిషన్‌ని అవమానించడమే. ప్రెస్సులో అడుగు పెడుతూనే ఈ చివర నుంచి ఆ చివరికి మీటలన్నీ వేసుకుంటూ పోయిన చెయ్యి అది. ఆదివారం పొద్దున్నే టీ తాగుతూ ఇక్కడా అదే పని చేసేశారు.

అన్నిట్లోకీ ఆఖరి మీట కొంచెం వేరే రకం. అది వేస్తే ఫోనే మైకైపోతుంది. ఫోను ఏ గదిలో ఉంటే ఆ గదిలో మాటలు చెవుల్లోకొస్తాయి, మనిషి ఎదురుగా ఉన్న చప్పుళ్ళు అణిగిపోతాయి. ఈ సంగతి ఆ మీట కిందే చిన్న అక్షరాల్లో రాసి ఉంది. జీవితమంతా అచ్చు వేసినవాళ్ళు అచ్చయిందల్లా చదవాలని రూలేమీ లేదు కదా.

ఫోను వంటగట్టు మీద వదిలేసి ఆయన బాత్రూమ్ అద్దం ముందు నిలబడ్డారు. కుళాయి తిప్పితే నీళ్ళు పడుతున్నాయి కానీ చప్పుడు లేదు. మగ్గు మీద వేలితో కొట్టి చూశారు. అదీ పలకలేదు. మిషన్లలో సౌండు తగ్గిపోయిందే అని భార్యని కేకేశారు. వంటగదిలోంచి ఆవిడ, సౌండు పెంచుకోండి అంటే ఖంగుమని వినిపించింది. మళ్ళీ ఏదో చెప్పడానికి ఆవిడ బాత్రూమ్ తలుపు దాకా వచ్చేసరికి పెదాలు కదలడం తప్ప ఇంకేమీ లేదు.

"ఇదేంటే, దూరంగా ఉంటే వినపడుతున్నావు, దగ్గరికొస్తే వినపడట్లేదు?"

"మన సంసారం మొదట్నించీ అంతేగా," అందావిడ. అది ఆయన చెవిన పడలేదు.

ఆయన విసవిసా వంటగదిలోకి వెళ్ళి, ఫోను తీసి, యాప్‌లో సౌండు గీతని పట్టుకుని ఆ కొసదాకా లాగేశారు. ఫోను మళ్ళీ గట్టు మీదే, ఈసారి సరిగ్గా మిక్సీ పక్కన పెట్టి, తిరిగొచ్చి కత్తెర పట్టుకున్నారు. ఆయన మీసం ఆ వీధిలో పేరున్న మీసం. ఎడమ వైపు జాగ్రత్తగా సవరించి, కుడి వైపు కత్తెర ఆనించారో లేదో, అక్కడ ఆవిడ మిక్సీ వేసింది. నెత్తి మీద కొండ విరిగి పడ్డట్టయింది ఆయనకి. ఎగిరి గంతేశారు. కిందికి దిగాక చూసుకుంటే కుడి వైపు మీసం వాష్‌బేసిన్‌లో ఉంది. ఒక వైపు మీసంతో ఎన్నికలకి వెళ్ళలేరు కాబట్టి, గుండె రాయి చేసుకుని రెండోదీ తీసేశారు.

ఈలోగా కూతురు ఫోన్ చేసింది. ఆయన ఆవేశంగా మిషన్ల మీద పితూరీలన్నీ చెప్పుకొచ్చారు. ఆ పిల్ల ఓపిగ్గా ఒక్కొక్కటే అడిగింది. చార్జింగ్ ఉందా అంటే ఉంది. కుడిదీ ఎడమదీ తారుమారయ్యాయా అంటే కాలేదు. లోపల గులిమి అడ్డం పడిందేమో, తీసి చిన్న బ్రష్షుతో తుడవమంది. తీశారు. తీశాక ఆమె చెప్పిన మిగతా సలహాలన్నీ ఆయన అరచేతిలో ఉన్న మిషన్లే విన్నాయి. తుడిచి మళ్ళీ పెట్టుకునేసరికి ఆమె గొంతు బొంగురుపోయి ఉంది.

"మరి ఇప్పుడు నా మాట ఎలా వినపడుతోంది నాన్నా?"

"నీది గంట కొట్టినట్టుందమ్మా. ఇంట్లో వాళ్ళవే వినపడట్లేదు."

"అయితే మిషన్లు బాగానే ఉన్నట్టు."

ఫోన్ మాటలు తిన్నగా చెవిలోకే వస్తాయి కాబట్టి బాగానే వస్తాయి. ఆ ముక్క ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. ఫోర్‌మన్ గారు మాత్రం తన బుర్రకి పదును పెట్టారు. మిషన్లు బాగున్నాయి, చెవుల్లోనే ఉన్నాయి, అయినా వినపడటం లేదు. అంటే మనుషులే గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఫోను ఇంకా చేతిలో ఉండగానే భార్యని నిలదీస్తే ఆవిడ ఒప్పేసుకుంది కూడా. మిషన్లొచ్చాయి కదా, ఇక అరవొద్దని కూతురే చెప్పిందట. దాంతో ఆయనకి అనుమానం బలపడింది. తను ఓడిపోతున్నానని అందరికీ తెలిసిపోయింది, అందుకే గుసగుసలాడుతున్నారు. ఒళ్ళు మండిపోయి, ఫోను చొక్కా జేబులో వేసుకుని, యుద్ధానికి వెళ్ళినట్టు మెట్లు దిగారు.

జేబులో ఫోనుకి చొక్కా రాసుకున్నప్పుడల్లా చెవుల్లో గరగరమని శబ్దం. అది మిషన్లోంచి కాగితాలు దొర్లుతున్నట్టే ఉండటంతో ఆయనకి పాత రోజులు గుర్తొచ్చి ఉత్సాహం పొంగింది. హాలు గుమ్మం దగ్గర వాచ్‌మన్ మీసం లేని ఆ ముఖాన్ని ఆనవాలు పట్టలేక, ఎవరింటికండీ అని అడ్డం నిలబడ్డాడు. ఆ గరగరలో ఆ మాట వినపడక, తనకి నమస్కారం పెట్టడానికి నిలబడ్డాడనుకుని ఫోర్‌మన్ గారు వాడి భుజం తట్టి లోపలికి సాగిపోయారు.

హాలు నిండిపోయింది. ఆయన వేదిక మీద కుర్చీలో కూర్చోగానే ఫోను కుయ్యిమంది. పొద్దున్నించీ మైకు పని కూడా చేసి చేసి అది చార్జింగ్ ఖాళీ చేసుకుంది. ఫోను ఆగిపోతే చెవులూ ఆగిపోతాయేమోనని ఆయన కంగారుగా ప్లగ్గు కోసం వెతికారు. హాల్లో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గు పాడై చాలా కాలమైంది. దాని గురించి ఆడిటరు గారు ప్రతి సమావేశంలోనూ ఫిర్యాదు చేశారు. ఫోర్‌మన్ గారు ప్రతి సమావేశంలోనూ తలాడించారు. ఇప్పుడు గత్యంతరం లేక, వేదిక వెనక గోడకి అవతల టీ కాచే చిన్న గదిలో చార్జింగ్ పెట్టమని, అందరికీ టీ కాయడానికి దిగొచ్చిన భార్యకి ఫోనిచ్చారు. ఆవిడ పెట్టేసి, కప్పులు చాలవని రెండో అంతస్తు డాక్టరమ్మని తోడు తీసుకుని పైకి వెళ్ళింది.

సమావేశం మొదలైంది. కోశాధికారి నిలబడి ఏదో చదువుతున్నారు. ఫోర్‌మన్ గారికి ఒక్క ముక్క వినపడటం లేదు. ముఖానికి చిరునవ్వు పులుముకుని కూర్చున్నారు. అప్పుడు ఉన్నట్టుండి చెవుల్లో ఆడిటరు గారి గొంతు, పక్కనే కూర్చుని చెప్పినట్టుగా మోగింది.

"ముందు లిఫ్టు సంగతి అడుగుతాను బావా. వినపడక తలాడిస్తాడు. ఆ వెంటనే పదవి వదులుకుంటారా అంటాను. దానికీ తలాడిస్తాడు. ఇంకేముంది, అయిపోయినట్టే."

ఫోర్‌మన్ గారు హాలంతా కలయజూశారు. ఆడిటరు గారూ లేరు, ఆయన బావగారూ లేరు. వాళ్ళిద్దరూ మంచినీళ్ళ నెపంతో గోడవతల టీ గదిలో, చార్జింగ్‌లో ఉన్న ఫోను పక్కనే నిలబడి ఉన్నారు. ఆ సంగతి ఆయనకేం తెలుసు? మిషన్లు ఎట్టకేలకు దారికొచ్చాయి, ఎంత దూరానున్నవైనా వినపడుతున్నాయి అనుకున్నారు. ఆనందంతో కుర్చీలో నిలవలేకపోయారు. కాసేపటికి ఆడిటరు గారు బావగారితో కలిసి మూతి తుడుచుకుంటూ హాల్లోకొచ్చి, గొంతు సవరించుకుని లేచారు. నోరు తెరిచేలోపే ఫోర్‌మన్ గారు చెయ్యెత్తారు.

"కూర్చోండి ఆడిటరు గారూ. మీరడగబోయేది లిఫ్టు సంగతి. రేపు మెకానిక్‌ని పిలిపిస్తాను. ఇక ఆ రెండో ప్రశ్న మీ బావగారి దగ్గరే ఉంచండి. ఇవాళ నేను తలాడించను."

ఆడిటరు గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. బావగారు కుర్చీలోంచి జారిపోయారు. గోడ వెనక అన్న మాట గోడ ముందున్న మనిషికి వినపడిందన్న వార్త వరసల వెంట పాకిపోయింది. దాంతో ఎవరికి వాళ్ళు తాము ఇన్నాళ్ళూ మెట్ల మీదా, లిఫ్టులోనూ, ఇంట్లో తలుపులేసుకునీ ఈయన గురించి ఏమేం అన్నారో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టారు. ఫిర్యాదులు చెబుదామని వచ్చినవాళ్ళు నీళ్ళు నమిలి కూర్చున్నారు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఫోర్‌మన్ గారికి ఆ తేడా తెలియలేదు.

గెలుపు చేతికందినట్టే. ఆయన చొక్కా సర్దుకున్నారు, లేని మీసం మీదికి చెయ్యి పోనిచ్చారు. సరిగ్గా అప్పుడే చెవుల్లో కప్పులు గలగలమన్నాయి. మీవారే గెలిచేట్టున్నారని డాక్టరమ్మ అంటోంది. తర్వాత భార్య గొంతు వచ్చింది.

"గెలవకపోతే బాగుండునండీ. ఎవరింట్లో కుళాయి కారినా కంచం ముందు నుంచి లేచిపోతారు. ఈయనకి వినపడాలని అరిచీ అరిచీ, నా గొంతు ఎలా ఉంటుందో నేనే మర్చిపోయాను. చెవి మిషన్లొచ్చాయి కదా, ఇద్దరం బాల్కనీలో కూర్చుని మెల్లగా నాలుగు మాటలు చెప్పుకుందాం అనుకున్నాను. ఆ చెవులు కూడా వీళ్ళ కోసమేనట."

సౌండు గీత కొసదాకా ఉంది. ప్రతి మాటా ఆయన గుండెల్లో దిగబడింది. ప్రెస్సులోని మిషన్లన్నీ కలిసి మోగినా ఆయనకి ఇంత గట్టిగా తగల్లేదు. పదవి పోతే ఎవరికీ అక్కర్లేకుండా పోతానని ఆయన ఇన్నాళ్ళూ వణికారు. పదవి లేని మనిషి కోసమే ఒకావిడ ఇంట్లో ఇన్నేళ్ళుగా కాచుకుని ఉంది. ఆయనకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది, వెంటనే లేచి ఆ టీ గదిలోకి పరుగెత్తాలనీ అనిపించింది.

ఇదే సమయానికి హాల్లో ఆడిటరు గారు చేతులు జోడించి, తను పోటీ నుంచి తప్పుకుంటున్నానని, ఫోర్‌మన్ గారినే ఏకగ్రీవంగా ఎన్నుకోవాలని చెప్పి కూర్చున్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఫోర్‌మన్ గారికి ఇదేదీ వినపడలేదు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ లేచారు.

"నేను తప్పుకుంటున్నాను. ఇక నుంచి మన ప్రెసిడెంటు ఆడిటరు గారు."

ఆడిటరు గారు లబోదిబోమంటూ వేదిక దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. తను ఇప్పుడే తప్పుకున్నానన్నారు. ఫోర్‌మన్ గారు గంభీరంగా తలాడించారు. తనకి బీపీ ఉందన్నారు. దానికీ తలాడించారు. తనకసలు ఆ కుర్చీ మీద ఆశే లేదని, లిఫ్టు బాగైతే చాలని మొత్తుకున్నారు. ఫోర్‌మన్ గారు ఆప్యాయంగా తలాడించి, మోటారు గది తాళాల గుత్తి ఆయన చేతిలో పెట్టి మూసేశారు. ఇంకాస్త ఆలస్యమైతే ఆ గుత్తి తమకెక్కడ అంటుకుంటుందోనని హాలంతా ఆడిటరు గారికే ఓటుగా చేతులెత్తేసింది.

ఆ సాయంత్రం కూతురొచ్చి యాప్ తెరిచి చూసి నెత్తి కొట్టుకుంది. ఏ మీట ఏం చేస్తుందో ఇద్దరికీ విడమరిచి చెప్పి, ఆఖరి మీట ఆపేసి, సౌండు సగానికి దించింది. ఫోను మైకైందన్న మాట విన్నాక తల్లి ఒక్కసారి లెక్క చూసుకుంది. పొద్దున ఫోను ఎక్కడుంది, తను ఎక్కడుంది, ఏమేం అంది. ఆవిడ ముఖం ఎర్రబడింది. ఫోర్‌మన్ గారు బాల్కనీలో రెండు కుర్చీలు వేసి కూర్చున్నారు.

"టీ చల్లారిపోతోంది, రా," అన్నారు.

ఆవిడ వచ్చి కూర్చుంది. కింద ఎవరో కొత్త ప్రెసిడెంటు గారి చెయ్యి పట్టుకుని నీళ్ళ మోటారు వైపు లాక్కెళుతున్నారు. మీసం లేకపోయినా మీరు బాగానే ఉన్నారని ఆవిడ ఎప్పుడూ మాట్లాడనంత మెల్లగా అంది. ఆయనకి వినపడింది. విననట్టు నటించి, ఇంకోసారి చెప్పించుకున్నారు.

అప్పట్నించీ సాయంత్రాలు వాళ్ళు అలాగే మెల్లగా మాట్లాడుకుంటున్నారు కానీ, ఆయన చేత ఏదైనా పని జరగాలనుకున్న రోజున మాత్రం ఆవిడ ఆ ఆఖరి మీట వేసి, ఫోను వంటగట్టు మీద పెట్టి, ఆ సంగతి డాక్టరమ్మతో చెప్పుకుంటుంది.