బూస్టర్ గారి గరిటె

ఆ ఆదివారం ఉదయం దైవాశీర్వాదం వేసుకున్న ప్లానులో కొత్తదేమీ లేదు. ప్రార్థన చేసుకోవడం, భార్య ప్రేమజ్యోతి వండిన చికెన్ బిర్యానీ గిన్నెను కారు డిక్కీలో పెట్టుకోవడం, దారిలో షాలేం రాజు ఇంటి ముందు ఆగి వాళ్ళమ్మాయి ఫెబీని ఎక్కించుకోవడం, అమెరికాలో వాళ్ళుండే కమ్మింగ్ ఊళ్ళోని తెలుగు చర్చికి చేరడం. చర్చిలో కీబోర్డు వాయించే షాలేం రాజు, భార్య రేణుతో కలిసి సౌండు సరిచేసుకోవడానికి ముందే వెళ్ళిపోతాడు. ఫెబీ చంటిపిల్లగా వెనకసీట్లో నిద్రపోయిన రోజుల నుంచి, హైస్కూలు ఆఖరి ఏడాదికి వచ్చి కూడా అదే సీట్లో నిద్రపోతున్న ఈ రోజు వరకు, ఆ పిల్ల ఆదివారం ప్రయాణం దైవాశీర్వాదం కారులోనే.

"బయల్దేరామని ఫెబీకి మెసేజ్ పెట్టండి," అంది ప్రేమజ్యోతి.

"పెట్టను. ఇకమీదట ఆ పిల్ల మన కారెక్కదు," అన్నాడు దైవాశీర్వాదం షూ లేసు బిగిస్తూ.

"అదేంటండీ! ఫెబీ ఏం చేసింది?"

"లాంగ్ జంప్ చేసింది."

అది నిజమే. ఫెబీ దూకితే ఆ చుట్టుపక్కల స్కూళ్ళలో మరొకరి అడుగు అంత దూరం పడదు. ఓ పెద్ద కాలేజీ కోచ్ కన్ను ఆ పిల్ల మీద పడింది. స్కాలర్‌షిప్ ఖాయమని అందరూ అనుకుంటున్నారు. ఇంకోపక్క, దైవాశీర్వాదం కిందటి నెలలోనే అదే కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు చందా ఇచ్చాడు. చందాదారులకు స్టేడియం పక్కనే పార్కింగ్ దొరుకుతుందని ఆఫీసులో ఎవరో చెప్పారు. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదు గనుక ఆ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు.

నిన్న సాయంత్రం కాలేజీవాళ్ళు చందాదారులందరికీ ఆన్‌లైన్‌లో మీటింగ్ పెట్టారు. రూల్స్ చూసే ఆవిడ మాట్లాడింది. చందా ఇచ్చినవాళ్ళంతా ఇక బూస్టర్లట. కాలేజీ తీసుకోవాలనుకుంటున్న ఆటగాళ్ళకు బూస్టర్లు ఏమీ ఇవ్వకూడదు. కారెక్కించుకోకూడదు, భోజనం పెట్టకూడదు, బహుమతి కొనకూడదు. మా కాలేజీలో చేరమని వాళ్ళతో గానీ, తల్లిదండ్రులతో గానీ అనకూడదు. అనుకోకుండా ఎదురుపడితే హలో చెప్పి తప్పుకోవాలి. కాదని ఏదన్నా చేస్తే ఆ పిల్లల సీటుకే ముప్పు. ఒకసారి బూస్టరైతే జన్మంతా బూస్టరే.

"బాప్తిస్మం లాంటిదన్నమాట," అనుకున్నాడు దైవాశీర్వాదం. చివర్లో ప్రశ్నలుంటే అడగమంది ఆవిడ. ఆజ్ఞ స్పష్టంగా ఉన్నప్పుడు ప్రశ్నెందుకని లాప్‌టాప్ మూసేశాడు.

"మన చేతి ముద్ద తిని ఫెబీ సీటు పోగొట్టుకుంటే నేను దేవుడికేం జవాబు చెప్పుకోను?" అన్నాడు భార్యతో.

"ఆ మాటే రేణూ వాళ్ళకి చెప్పేస్తే పోతుంది కదండీ."

"తల్లిదండ్రులతో మాట్లాడకూడదన్నారు. నువ్వూ మాట్లాడకు. బూస్టర్ భార్య కూడా బూస్టరే."

"మీరు నాతో కాపురం చేస్తున్నారా, రూల్‌తో చేస్తున్నారా?" అంది ప్రేమజ్యోతి. అయినా మాటిచ్చింది, సీటు పోతుందన్న భయం ఆమెకూ పట్టుకుంది.

ఫెబీ తమ ఇంటి ముందు బైబిలు చేతపట్టుకుని నిలబడి ఉంది. దైవాశీర్వాదం కారు నెమ్మది చేసి, అద్దం దించాడు. "హలో," అన్నాడు. అద్దం ఎత్తేసి ముందుకు పోనిచ్చాడు.

ఫెబీ నోరు తెరిచి చూసింది. తర్వాత పరుగెత్తింది. కారుకు ప్రతి సిగ్నల్ దగ్గరా ఎర్రదీపమే తగిలింది. ఆ పిల్ల పార్కు మధ్యనుంచి అడ్డంగా పడి, కారుకంటే ముందు చర్చి మెట్లెక్కింది.

"అంకుల్, ఆర్ యూ ఓకే? నన్ను మర్చిపోయారా?" అంది రొప్పుతూ.

"హలో," అన్నాడు దైవాశీర్వాదం మళ్ళీ, ఇంకొకవైపు చూస్తూ.

ఆరాధన అయ్యాక ప్రేమవిందు. బిర్యానీ వడ్డించే గరిటె ఎప్పుడూ దైవాశీర్వాదానిదే. వరస కదులుతూ కదులుతూ ఫెబీ దగ్గరికొచ్చింది.

"అంకుల్, లెగ్ పీస్ కావాలి."

గరిటె గాల్లో ఆగింది.

"అటు చివర సలాడ్ ఉందమ్మా. పాస్టరమ్మగారు తెచ్చారు. అది తీసుకో."

"బిర్యానీ వెయ్యరా?"

"వెయ్యను."

"కొంచెం రైస్?"

"రైసూ మాదే. మెతుకు కూడా పడదు."

పరుగెత్తి వచ్చిన ఆకలి మీద ఫెబీ కీరదోసకాయ ముక్కలు నములుతుంటే చర్చి అంతా చూసింది. ప్రేమజ్యోతి తల దించుకుని, ఖాళీగా ఉన్న ప్లేట్లను మళ్ళీ మళ్ళీ తుడిచింది.

షాలేం రాజు పార్కింగ్‌లో పట్టుకున్నాడు. "అన్నా, నావల్ల ఏమన్నా తప్పు జరిగిందా?"

"షాలేం, నేను నీతో మాట్లాడకూడదు."

"ఎవరన్నారు?"

"అది కూడా చెప్పకూడదు."

"ఎన్నేళ్ళ స్నేహం అన్నా మనది! పిల్ల నోటి దగ్గర ముద్ద లాగేసి, ఎందుకో కూడా చెప్పవా?"

"నీ బిడ్డ మేలు కోసమే," అనేసి, ఎక్కువ మాట్లాడానేమోనని భయపడి దైవాశీర్వాదం కారెక్కాడు.

ఇక ఎవరికి తోచిన కారణం వాళ్ళు అల్లారు. కీబోర్డు మోత ఎక్కువైందని దైవాశీర్వాదం గొణిగాడు, అదీ గొడవ అన్నారు కొందరు. గుంటూరులో స్థలం తగాదా అన్నారు ఇంకొందరు. ఆయన కొడుక్కి ఫెబీనిస్తామని షాలేం రాజు వాళ్ళు మాటిచ్చి తప్పారట అని కూడా ఒక మాట పుట్టింది. దైవాశీర్వాదానికి అసలు కొడుకే లేడన్న సంగతి ఆ మాటకేమీ అడ్డు రాలేదు.

మంగళవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు పెద్ద సంచీ ఉంది. ఇన్నేళ్ళలో రేణు ఇంట్లో చేరిన ప్రేమజ్యోతి స్టీలు డబ్బాలు, టిఫిన్ క్యారియర్లు అన్నీ అందులో ఉన్నాయి. అన్నీ కడిగి, తుడిచి, ఖాళీగా. ఒకరింటి గిన్నె తిరిగివ్వాల్సి వస్తే అడుగున పిడికెడు పంచదారైనా వేసి పంపుతారు గాని, ఖాళీగా పంపరు. పంపారంటే తెగతెంపులే.

"హమ్మయ్య. అటునుంచీ ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగిపోయాయి," అన్నాడు దైవాశీర్వాదం.

ప్రేమజ్యోతి ఒక క్యారియర్ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. అది చూసి ఆయన పక్కనే మోకరించాడు. బిడ్డకు పెట్టమని దేవుడు చెప్పాడు, పెట్టవద్దని కాలేజీ చెప్పింది. ఇద్దరూ మంచికే చెప్పి ఉంటారు. కానీ ఇద్దరూ ఒక్క బిడ్డ గురించే ఎందుకు చెప్పాలి ప్రభువా, అని అడిగాడు. ఆమెన్ అని లేచాడు. పట్టుదల మాత్రం అలాగే ఉంది.

గురువారం పాస్టర్ రవికుమార్ గారు ఇంటికొచ్చారు. కాఫీ ముట్టలేదు.

"బ్రదర్, వచ్చే ఆదివారం ప్రభువు బల్ల, అందరం ఒకే రొట్టె విరుచుకోవాలి. సహోదరుడితో సమాధానపడకుండా బల్ల దగ్గరికి ఎలా వస్తారు? షాలేం రాజు కీబోర్డు మానేస్తానంటున్నాడు. మీ ఇద్దరి కోసం సంఘమంతా ఉపవాసం పెట్టుకుంది తెలుసా?"

"నాకు ఆయన మీద కోపం లేదండీ."

"మరి పిల్లకి అన్నం పెట్టొద్దని ఏ వాక్యంలో ఉంది?"

దైవాశీర్వాదం ఇక ఆగలేకపోయాడు. పాస్టరుగారు తల్లీ కాదు, తండ్రీ కాదు, ఆటగాడు అంతకన్నా కాదు. ఆయనకు చెప్పడం నేరం కాదని లెక్కేసుకుని అంతా చెప్పేశాడు. పాస్టరుగారు చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన అనుకుని దైవాశీర్వాదం కూడా మూసుకున్నాడు.

"అది రాసినవాళ్ళనే ఓసారి అడగొచ్చు కదా బ్రదర్," అన్నారాయన చివరికి. అప్పుడు కాఫీ తీసుకున్నారు.

మర్నాడు దైవాశీర్వాదం కాలేజీ రూల్స్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఆవిడే ఎత్తి, పేరు అడిగింది. ఓపిగ్గా విని, ఆ పిల్ల మీకెప్పటినుంచి తెలుసు అని అడిగింది. పుట్టిన రోజు ఆసుపత్రికి ఉగ్గుగిన్నె పట్టుకెళ్ళింది మేమేనన్నాడు. లాంగ్ జంప్ మొదలుపెట్టకముందు కూడా మీ ఇంట్లో తినేదా అంది. పళ్ళు రాకముందు నుంచీ తింటోందన్నాడు.

ఆవిడ నవ్వు ఆపుకున్నట్టు వినిపించింది. ఆటలకు ముందునుంచీ ఉన్న కుటుంబ స్నేహాలకు అడ్డేమీ లేదట. ఇదివరకు ఎలా ఉన్నారో అలాగే ఉండమంది. ఎక్కువ చేయవద్దు. తక్కువ చేయాల్సిన పనీ లేదు. కాలేజీ విషయం మాత్రం ఎత్తకండి, అది ఎవరికైనా తప్పే, అని మరీ మరీ చెప్పింది. మీటింగ్ చివర్లో అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని కదా అని కూడా అంది.

శనివారం ఎనిమిది డబ్బాలు నిండాయి. ప్రేమజ్యోతి రొయ్యల ఇగురు కూడా చేసింది. షాలేం రాజు తలుపు తీసి, మొహం గంటుపెట్టుకుని నిలబడ్డాడు. దైవాశీర్వాదం గుమ్మంలోనే, చెప్పులైనా విప్పకుండా, ఆన్‌లైన్ మీటింగ్ దగ్గర మొదలుపెట్టి ఫోన్ కాల్ దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పాడు.

"ఓరి నీ బూస్టరు బంగారం గానూ!" అన్నాడు షాలేం రాజు. "మా పిల్ల సీటు కోసం మమ్మల్నే వదులుకుందామనుకున్నావా అన్నా!" అని కౌగిలించుకున్నాడు. మధ్యలో రొయ్యల డబ్బా నలిగింది.

రేణు కళ్ళు తుడుచుకుంటూ, "ఖాళీ డబ్బాలు పంపాను వదినా, నా చేతులు పడిపోను," అంది.

"పోనీలే, కడిగే పని తప్పింది నాకు," అంది ప్రేమజ్యోతి.

ఫెబీ అప్పటికే లెగ్ పీస్ మీద ఉంది. "అంకుల్, ఫ్యామిలీ ఫ్రెండ్స్ ఓకే అని మా స్కూల్ కోచ్ లాస్ట్ ఇయరే చెప్పాడు."

"మరి నాకు చెప్పలేదేంటే?"

"ఎలా చెప్తాను? మీరు హలో చెప్పి వెళ్ళిపోయారు కదా!"

ఇల్లంతా నవ్వింది. దైవాశీర్వాదం మనసు దూదిపింజలా తేలికపడింది. రెండోసారి వడ్డించుకున్నాడు. వారమంతా బిగబట్టిన ప్రేమ ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది.

"టెక్సస్ కాలేజీ కూడా పిలుస్తోంది అంకుల్," అంటోంది ఫెబీ. "ఎటు వెళ్ళాలో డిసైడ్ చేసుకోలేదు ఇంకా."

"టెక్సస్ ఎందుకే? అంత దూరం ఎందుకు? హాయిగా మా కాలేజీలో చేరు తల్లీ!" అన్నాడు దైవాశీర్వాదం.

బల్ల చుట్టూ చేతులన్నీ ఆగిపోయాయి. ప్రేమజ్యోతి నుదురు కొట్టుకుంది. ఫెబీ మెల్లగా చెవులు రెండూ మూసుకుంది. షాలేం రాజు, "నేను వినలేదన్నా, కీబోర్డు మోతకి నాకు చెవుడు," అన్నాడు. కానీ దైవాశీర్వాదం విన్నాడు. చేతిలో ముద్ద ప్లేట్లో వదిలేసి లేచాడు.

సోమవారం ఉదయం ఆఫీసు తెరిచీ తెరవగానే, తన మీద తనే ఫిర్యాదు చేసుకోవడానికి ఫోన్ చేశాడు. అవతలావిడ ఈసారి పేరు అడగలేదు.