ఒక్క నొక్కు

సోమవారం పొద్దున చిప్పు మాస్టారి పథకం చాలా చిన్నది. పది నిమిషాలు ముందుగా కాలేజీకి వెళ్లాలి. ల్యాబు గుమ్మం పక్కన ఒక డబ్బా బిగించాలి. తీరిగ్గా టీ తాగాలి. అంతే.

డబ్బా మీద ఒక బటను, ఒక చిన్న తెర ఉన్నాయి. లోపలికి వచ్చే ప్రతి విద్యార్థీ ఒకసారి బటను నొక్కాలి. తెర మీద అంకె ఒకటి పెరుగుతుంది. అదే అంకె ప్రిన్సిపాలు గదిలో కంప్యూటరు మీదా కనిపిస్తుంది. రోజూ పొద్దున మళ్లీ సున్నా నుంచి మొదలు.

ఈ డబ్బా ప్రిన్సిపాలు అడిగి చేయించుకున్నది. హాజరుపట్టీలో రానివాళ్ల సంతకాలు వచ్చినవాళ్లు పెడుతున్నారని ఆయన అనుమానం. మనుషుల మీద ఆయనకు నమ్మకం లేదు. అంకెల మీద అనుమానం లేదు. "శుక్రవారానికి ఇరవైమంది కూడా తేలకపోతే ల్యాబు మూసేద్దాం మాస్టారూ. విరిగిన కుర్చీలు వరండాలో వానకి నానిపోతున్నాయి. వాటికో గది కావాలి" అని ముందే చెప్పేశాడు.

మాస్టారి తరగతికి నిజంగా వచ్చేది తొమ్మిదిమంది.

ఇరవై రెండేళ్లు ఆయన లిఫ్టుల్లో, బట్టలుతికే యంత్రాల్లో ఉండే వేలిగోరంత చిప్పులకు ప్రోగ్రాములు రాశారు. కంపెనీ మూతపడ్డాక పాఠాలకు దిగారు. ఈ ల్యాబు కూడా పోతే ఇక దిగడానికి మెట్లు లేవు.

"ఒరేయ్, తొమ్మిదిమందేనని నీ డబ్బా చేతే చెప్పిస్తావా?" అంది అక్కయ్య, ఆయన చెప్పులేసుకుంటుంటే. "నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటూ, పార భలే ఉందని మురిసిపోతున్నావు."

"ఉన్నమాటే చెబుతుందక్కా. నేను చేసింది అబద్ధమాడదు."

"ఆడకపోతే చేతిలో చిప్పు పోయి చిప్ప వస్తుంది. వెళ్లు."

తొమ్మిదిమంది వచ్చారు. తొమ్మిదిమందీ బుద్ధిగా నొక్కారు. తెర మీద 43 పడింది. మాస్టారు కళ్లజోడు తుడిచి పెట్టుకున్నారు. 43 కదల్లేదు.

జరిగిందేమిటో ఆయనకు వెంటనే తెలిసింది. బటను నొక్కినప్పుడు లోపలి రేకు ఒక్కసారి తగిలి ఊరుకోదు. నేల మీద పడ్డ గోలీలా నాలుగైదుసార్లు గెంతి అప్పుడు నిలబడుతుంది. మనిషికి అది ఒక్క నొక్కే. రెప్పపాటులో వేల లెక్కలు చేసే చిప్పుకి మాత్రం ప్రతి గెంతూ ఒక నొక్కే. అందుకే మొదటి తాకిడి తరువాత కాస్త ఆగమని చిప్పుకి చెప్పాలి. దాన్నే డీబౌన్సు అంటారు. ఏటా మొదటి వారంలో మాస్టారు చెప్పే పాఠం ఇదే. మరిచినవాణ్ణి ఆయన గుమ్మం బయట నిలబెడతారు. ఈ డబ్బాలో ఆ ఒక్క వరుసా రాయడం ఆయనే మరిచారు. ఇంట్లో రెండుసార్లు మెల్లగా నొక్కి చూస్తే రెండే పడింది, ఇక చాలనుకున్నారు.

"సార్, డీబౌన్సు పెట్టలేదాండీ?" అంది ముందు వరస అమ్మాయి.

"పుస్తకం తియ్యి."

తరువాత ఆయనే వెళ్లి గుమ్మం బయట ఒక నిమిషం నిలబడ్డారు. అటునుంచి అటే ప్రిన్సిపాలు గదికి వెళ్లారు.

"రండి రండి! నలభై మూడు! ఇంతమందిని గుట్టుగా ఎక్కడ దాచారండీ?"

"తొమ్మిదిమందే సార్. డబ్బాలో తప్పుంది."

"చేసిందెవరు?"

"నేనే."

"మీరు చేసినదాంట్లో తప్పా? నేను నమ్మను."

ఇరవై రెండేళ్లలో ఇంత గౌరవం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చిన రోజున అక్కరకు రాలేదు. "రెండు నిమిషాలివ్వండి సార్, ఒక్క వరుస రాసి సరిచేస్తాను."

"అర్థమైంది లెండి. దిద్దాల్సిన పేపర్లు పెరుగుతాయని అంకె తగ్గిద్దామనుకుంటున్నారు. దాని మీద చెయ్యి వేశారంటే బాగుండదు."

సాయంత్రంలోగా అటెండరు వచ్చి డబ్బాని పెద్ద హాలు గుమ్మానికి మార్చాడు. మూత మీద కాగితం అతికించి ఆఫీసు ముద్ర కొట్టాడు. పక్కన గోడకు 'లోపలికి వచ్చు ప్రతివారూ బటను నొక్కవలెను' అని నోటీసు అంటించాడు. నలభై మూడుమందికి పాత గది చాలదు కదా. ఖాళీ అయిన ఆ గదిలోకి విరిగిన కుర్చీలు చేరాయి.

మంగళవారం లెక్కల మేడం వచ్చింది. హాలు నిన్నటిదాకా ఆవిడది. కోపంతో ఊగిపోతూ కూడా నోటీసు చదివి, బటను నొక్కి మరీ లోపలికి వచ్చింది.

"ఏరండీ మీ నలభై మూడుమంది?"

"లేరండీ."

"లేనివాళ్ల కోసం నా అరవైమందిని వరండాలోకి తోశారా?"

ఆవిడ విసవిసా వెళ్లిపోయింది. గొడుగు మరిచి, మళ్లీ నొక్కి, మళ్లీ వచ్చింది. ఆ రోజు లెక్క 55.

"గది పోయిందా?" అంది ఇంట్లో అక్కయ్య.

"పెద్దది ఇచ్చారు."

"మరి ఆ ఏడుపు మొహమేమిట్రా? శుక్రవారం దాకా నోరు కుట్టేసుకో. గట్టెక్కుతావు."

నోరు కుట్టేసుకోవడం మాస్టారికి చేతకాలేదు. తప్పును వివరిస్తూ ప్రిన్సిపాలుకు ఉత్తరం రాశారు. 'మీ వినయం అభినందనీయం' అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపాడాయన. వెనకాలే అరవై కుర్చీలు కూడా పంపాడు.

బుధవారం అటెండరు ఆ కుర్చీలను ఒక్కొక్కటే మోసుకొచ్చాడు. వచ్చిన ప్రతిసారీ మోచేత్తో బటను నొక్కాడు.

"నువ్వెందుకయ్యా నొక్కడం?"

"ప్రతివారూ అని రాసుంది సార్. నేను మనిషిని కానా?"

ఆ రోజు లెక్క 312. గురువారం పొద్దున్నే ప్రిన్సిపాలు యాజమాన్యానికి నివేదిక పంపాడు. మైక్రోకంట్రోలరు చిప్పుల తరగతికి మూడువందల పన్నెండుమంది వస్తున్నారనీ, అది తన ప్రోత్సాహమేననీ రాశాడు. సాయంత్రానికి జవాబొచ్చింది: చాలా సంతోషం, తరగతి ఫొటో పంపండి.

శుక్రవారం ప్రిన్సిపాలు సెల్‌ఫోను పట్టుకుని, తోడుగా అటెండరును వెంటబెట్టుకుని హాలుకు వచ్చాడు. ముందు వరసలో తొమ్మిదిమంది. వెనక కుర్చీలే కుర్చీలు.

"మిగతావాళ్లేరీ?"

"ఒక్కసారి బటను నొక్కండి సార్" అన్నారు మాస్టారు.

నొక్కాడు. 41 కాస్తా 47 అయింది.

"నేనొక్కణ్ణే కదా వచ్చాను?"

"దాని లెక్కలో మీరు ఆరుగురు సార్."

"మాకెప్పుడో తెలుసు" అని గొణిగాడు అటెండరు, గోడవైపు తిరిగి.

అడిగి ముద్ర తెంపి, మాస్టారు ఆ ఒక్క వరుస రాశారు. మొదటి తాకిడి తగలగానే సెకనులో యాభయ్యో వంతు ఆగు, ఆ తరువాతే లెక్కపెట్టు. సున్నా చేసి మళ్లీ నొక్కమన్నారు. 1 పడింది. తొమ్మిదిమందీ చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాలు కొట్టలేదు.

"ఇరవైమంది లేరు సార్. ల్యాబు మూసెయ్యమంటారా?" అని అడిగారు మాస్టారు.

ప్రిన్సిపాలు కుర్చీలన్నిటినీ చివరిదాకా చూశాడు. "పైకి మూడువందల పన్నెండని రాసేశాను. ఇప్పుడు మూసేస్తే వాళ్లంతా ఏమయ్యారంటే ఏం చెప్పను? నడపండి. నేను రిటైరయ్యేదాకా నడపండి. ఫొటో మాత్రం తియ్యలేం."

సోమవారం తెర మీద 9 పడింది. మాస్టారు దాన్ని కాసేపు ప్రేమగా చూసుకున్నారు. అంతలో అటెండరు ప్రిన్సిపాలు దగ్గరనుంచి కాగితాలు తెచ్చాడు. ఫైలులోని 312కీ తెర మీది 9కీ మధ్య ఎవరిదో ఒకరి సంతకం ఉండాలి కదా. 'మీరు యంత్రమును బాగుచేసిన నాటినుండి మూడువందల ముగ్గురు విద్యార్థులు తరగతికి వచ్చుట మానిరి. కారణమును మూడు దినములలో తెలుపవలెను.'

మాస్టారు కాగితాలు తిరగేశారు. అయిదింటిలోనూ అదే రాసుంది.

"ఒక్క మెమోకి అయిదు కాగితాలెందుకయ్యా?"

"ప్రింటు బటను ఒక్కసారే నొక్కానంటున్నారు సార్."