జనరల్ కుత్సరోవ్ పెరిగిన వైనం

బాల్కన్ కొండల నడుమనున్న మా ప్రజా రిపబ్లిక్కులో పొట్టివాళ్లకు భవిష్యత్తు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. జనరల్ స్పిరిడాన్ కుత్సరోవ్ కేవలం పొట్టితనంతోనే రక్షణమంత్రి అయ్యాడు. దేశాన్నేలే పార్టీ ప్రధాన కార్యదర్శిగారు కురచ మనిషి. సెప్టెంబరు తొమ్మిది విప్లవ దినోత్సవ కవాతులో వేదిక మీద ఆయన పక్కన నిలబడటానికి ఆయనకన్నా పొట్టి సేనాని కావలసి వచ్చింది. దేశమంతా గాలిస్తే ఒక్కడే దొరికాడు. అప్పటిదాకా అతను సైన్యం బూట్ల గోదాము చూసుకునేవాడు.

ఇరవై ఏళ్లు వైభవంగా గడిచాయి. ఏ యుద్ధమూ రాలేదు కాబట్టి ఏ యుద్ధంలోనూ ఓడలేదు. పతకాలకు ఛాతీ చాలలేదు.

ఇంతలో ప్రధాన కార్యదర్శిగారికి వయసు మీద పడి నడుము కుంగింది. ఆ సంగతి గమనించే అధికారం ఎవరికీ లేదు. కుత్సరోవ్ కూడా గమనించలేదు, ఊరికే ఓవర్‌కోటు మాటున మోకాళ్లు వంచి నిలబడసాగాడు. ఆ ఏడు కవాతులో జాతీయగీతం మోగింది. పాడు అలవాటు, కాళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. మర్నాటి పత్రికలో మంత్రిగారి టోపీ దేశాధినేత టోపీకన్నా రెండు వేళ్లు పైనుంది.

"వంచిన మోకాలు ఎత్తొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?" అని భార్య దోంకా నెత్తి బాదుకుంది.

"గీతం వచ్చిందే! ఏం చెయ్యమంటావ్?"

"మహా పొంగుకొచ్చింది దేశభక్తి! ఇప్పుడు అనుభవించు."

పార్టీ కేంద్ర సంఘం సమావేశమైంది. ప్రధాన కార్యదర్శిగారు కుంగే ప్రసక్తే లేదు గనక జనరలే పెరిగి ఉండాలి. అరవైరెండో ఏట అది సాధ్యమేనని ముగ్గురు ప్రొఫెసర్లు ధ్రువీకరించారు.

"కామ్రేడ్స్! శ్రామికవర్గం సమష్టిగా ఎదుగుతుంటే ఈ ద్రోహి ఒంటరిగా, చాటుగా పెరిగాడు! ఎవరి ప్రోద్బలంతో?" అని కొత్త రక్షణమంత్రి గర్జించాడు. అప్పటికే ఆయన మోకాళ్లు వంగి ఉన్నాయి.

ఒప్పుకుంటే సొంతూళ్లో బతకనిస్తారు, లేదంటే కాల్చేస్తారు. పాపం, కుత్సరోవ్ ఒప్పుకున్నాడు. "పెరిగాను కామ్రేడ్స్. స్వార్థంతోనే పెరిగాను."

ఊళ్లో అతనికన్నా మూరెడు పొడుగున్న ఇరుగుపొరుగు అతన్ని పలకరించేటప్పుడు మెడలెత్తి ఆకాశంలోకి చూసేవాళ్లు. అదంతా భయమనుకుని సరిపెట్టుకున్నాడు. చలికాలం వచ్చింది. ఒకరోజు దోంకా అతని రజాయికి జానెడు గుడ్డ అతుకు వేస్తూ కనిపించింది.

"ఎందుకే అది?"

"కాళ్లు బయటికొచ్చి చలేస్తుంది కదయ్యా."

"నలభై ఏళ్లుగా ఆ రజాయే కప్పుకుంటున్నాను. నేనెక్కడ పెరిగానే, దోంకా?"

ఇంట్లో ఇద్దరే ఉన్నారు. తలుపులు వేసే ఉన్నాయి. ఆమె ఎంతో ప్రేమగా అతని భుజం నిమిరింది.

"పేపర్లో వేశారు కదయ్యా. ఊరికే వేస్తారా?"